ఆ నూనె నాది

శుక్రవారం ఆరాధన అయ్యాక బహ్రెయిన్‌లో మా తెలుగు క్రైస్తవ సహవాసంలో టీ ఇస్తారు. ఆ టీ దగ్గర ఎవరో ఒకరు "బ్రదర్, ఆ జపాను స్నానం సంగతి చెప్పండి, మా వాళ్ళు వినలేదు" అనేవారు. నేను చెప్పేవాణ్ణి. చెప్పడంలో నాకు కాస్త నేర్పుంది, దాచుకోవడం దేనికి. వేడినీటి బుగ్గ దగ్గర సత్రం, మాతో వచ్చిన ఒక పెద్దాయన ఒళ్ళంతా నూనె పట్టించుకుని తొట్టెలో దిగడం, నీళ్ళ మీద నూనె తేలడం, సత్రం వాళ్ళు హడావిడి పడడం, అన్నీ చేతులు తిప్పుతూ చెప్పేవాణ్ణి. అందరూ పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఒక అక్కగారు కళ్ళు తుడుచుకుంటూ "పాపం, పల్లెటూరి మనిషి, ఆయనకేం తెలుసు" అంది. నేను కూడా పాపం అన్నాను.

ఆ నూనె ఆయనది కాదు. నాది. మా అమ్మ కొబ్బరినూనెలో కర్పూరం వేసి కాచి, సీసాలో పోసి, మూతకు ప్లాస్టిక్ కాగితం చుట్టి ఇచ్చిన నూనె. దాన్ని ఒంటికి రాసుకున్నది నేను, తొట్టెలో దిగింది నేను. ఈ మాట గుండెలో పెట్టుకుని నాలుగుసార్లు ఆ కథ చెప్పి నవ్వించానంటే నేనేం మనిషినో మీరే అనుకోండి.

బహ్రెయిన్‌లో పెద్ద పెద్ద భవనాల ఏసీలకు చల్లటి నీళ్ళు తోలే పంపులుంటాయి. వాటి మరమ్మతు మా కంపెనీ పని. నేను గోదావరి వైపు నుంచి ఇంజనీరింగ్ కాగితం పట్టుకుని వచ్చి జింజ్ అనే పేటలో ఒక ఫ్లాటులో ముగ్గురితో కలిసి ఉంటున్నాను. కథలోని ఆ పెద్దాయన్ని నేను అన్నా అంటాను. జగిత్యాల వైపు మనిషి, పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడే కూలీల క్యాంపులో ఉంటున్నాడు, కాగితాల మీద హెల్పరు. పనిలో మాత్రం ఆయనే మాకందరికీ గురువు. స్క్రూడ్రైవరు కొన పంపుకు ఆనించి పిడి చెవి దగ్గర పెట్టుకుని "లోపల బేరింగు పోయింది" అంటే పోయినట్టే. నన్ను మొదటిరోజు నుంచీ తమ్మీ అన్నాడు. నేను తప్పు నట్టు విప్పినప్పుడు కూడా నలుగురిలో తిట్టకుండా పక్కకు పిలిచి చెప్పాడు.

ఆ పంపులు తయారుచేసే జపాను ఫ్యాక్టరీలో పదిరోజుల శిక్షణకు మా కంపెనీ ఇద్దర్ని పంపుతామంది. చదివేవాణ్ణి నేను, చేసేవాడు అన్న. శిక్షణ సరిగ్గా ముగిస్తే ఆయనకు హెల్పరు గ్రేడు పోయి టెక్నీషియన్ గ్రేడు వస్తుంది, ఆ గ్రేడుకు భార్యను తెచ్చుకునే ఫ్యామిలీ వీసా దొరుకుతుంది. ఆయనకు కావలసింది అదొక్కటే. పెళ్ళయిన ఏడాదికే గల్ఫుకు వచ్చాడు. రెండేళ్ళకో నెల సెలవు. కలిసి ఉన్న రోజులన్నీ పోగేస్తే రెండేళ్ళు కూడా కావు. కూతురు ఇంటర్లో హాస్టలుకు పోయింది కాబట్టి ఇక ఆవిడ రావచ్చు. విమానాశ్రయం పక్కన అరాద్‌లో ఒక గది కూడా చూసుకుని నన్ను తీసుకెళ్ళి చూపించాడు. విమానాలు నెత్తి మీద నుంచే దిగుతుంటాయి, ఇక్కడ నిద్రెలా పడుతుందన్నా అన్నాను. "నిద్రెందుకు తమ్మీ, పద్దెనిమిదేండ్ల ముచ్చట్లున్నయ్" అని నవ్వాడు.

ఫ్యాక్టరీలో మాకు నేర్పినాయన అరవై దాటిన మనిషి. నేను మేష్టారు అనేవాణ్ణి. ఆయన ఇంగ్లీషు ఒక్కో మాటా ఏరుకుని మాట్లాడేవాడు. అన్న స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకోవడం చూసి ఆయన నవ్వి, తన జేబులోంచి తన స్క్రూడ్రైవరు తీసి అలాగే పెట్టుకున్నాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరికీ నా అవసరం పెద్దగా లేకపోయింది. నాకు కొంచెం కుళ్ళు పుట్టింది, ఒప్పుకుంటాను.

శిక్షణ అయ్యాక మేష్టారు తన తరఫున మమ్మల్ని కొండల్లో ఒక పాతకాలపు సత్రానికి తీసుకెళ్ళాడు, రెండు రాత్రులు ఉండమని. చలికాలం. గుమ్మంలో చెప్పులు విడవాలి, లోపల ఒక రకం చెప్పులు, పాయిఖానాకు ఇంకో రకం. గదిలో మంచాలుండవు, చాపల నేల. అందరికీ ఒకే తీరు నూలు అంగీ ఇచ్చి నడుముకు పట్టీ కట్టుకోమన్నారు. సత్రం నడిపే ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని టీ పోసేది. భోజనమంటే ఇరవై చిన్న గిన్నెలు. పచ్చి చేపముక్కను నేను అన్నం కింద దాచేశాను. అన్న తిని, "ఉప్పూ కారం లేదుగని తాజాగున్నది" అన్నాడు.

అసలు సంగతి స్నానం. మగవాళ్ళందరికీ ఒకటే తొట్టె, చెక్కది, నలుగురైదుగురు పట్టేంత. బుగ్గనీళ్ళు అందులోకి వస్తూ ఉంటాయి. దిగేవాళ్ళు ఒంటి మీద నూలుపోగు లేకుండా దిగాలి. దానికి ముందు పక్కనున్న పీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా కడుక్కోవాలి, ఎందుకంటే ఆ తొట్టె కడుక్కోవడానికి కాదు, ఊరికే కూర్చోవడానికి. ఇదంతా తలుపు దగ్గర ఇంగ్లీషులో కూడా రాసిపెట్టారు. మొదటి సాయంత్రం మేష్టారు పిలిస్తే నాకు జలుబని చెప్పి తప్పించుకున్నాను. సిగ్గు. అన్న వెళ్ళాడు. ఎర్రగా కమిలి, నవ్వుకుంటూ వచ్చాడు.

"మేష్టారు ఎట్ల జేస్తే గట్ల జేసిన. మూడుసార్లు సబ్బు పెట్టిన," అన్నాడు. "పో తమ్మీ, సిగ్గేంది? క్యాంపుల ఒక్క నల్ల కింద పదిమందిమి పోసుకున్నోళ్ళం."

స్నానమయ్యాక ఆయన తన అలవాటు ప్రకారం తలకు నాలుగు చుక్కలు కొబ్బరినూనె రాసి నున్నగా దువ్వుకున్నాడు. అది స్నానం తర్వాత. నా కళ్ళతో చూశాను.

మర్నాడు మధ్యాహ్నం మేష్టారూ అన్నా బుగ్గలో గుడ్లు ఉడకబెట్టే చోటు చూడడానికి బయల్దేరారు. నాకు నడుము పట్టేసిందని నేను రానన్నాను. నడుము నొప్పి నిజమే, పదిరోజులు ఫ్యాక్టరీ నేల మీద నిలబడ్డాను. వాళ్ళు వెళ్ళగానే, ఎవరూ లేనప్పుడు స్నానం చేసేద్దామని అమ్మ ఇచ్చిన సీసా తీశాను. మా ఇంట్లో వేడినీళ్ళంటే ముందు నూనె. నడుముకు, వీపుకు, కాళ్ళకు పట్టించి, అరగంట నాననిచ్చి, అప్పుడు వేడినీళ్ళు పడితే ఒళ్ళునొప్పులు పోతాయని మా నాయనమ్మ నా చిన్నప్పటి నుంచీ చేసిన పని. ఇంత బ్రహ్మాండమైన వేడినీళ్ళు పెట్టుకుని ఈ జపాను వాళ్ళు నూనె ఎందుకు రాసుకోరో అని జాలిపడ్డాను కూడా.

తలుపు దగ్గర రాసింది చదివాను. చదవలేదని అబద్ధం చెప్పను. సబ్బు పెడితే నూనె పోతుంది కదా, మరి నడుము నొప్పి ఎలా పోతుంది? అందుకని రెండు చెంబులు నీళ్ళు పోసుకున్నాను. కడుక్కోవడమంటే అంతే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. డ్రాయరు కూడా విప్పలేదు, ఎవరైనా వస్తే అని. అలా దిగి మెడదాకా మునిగి కళ్ళు మూసుకున్నాను. స్వర్గం.

కళ్ళు తెరిచేసరికి నీళ్ళ మీద నూనె వలయాలు. నా చుట్టూ మొదలై గట్టుదాకా పోయాయి. ఆవిరితో కలిసి గదంతా కర్పూరం వాసన. చెంబుతో ఎత్తి పోద్దామని చూశాను, ఎత్తేకొద్దీ ఇంకా పరుచుకుంది. తొట్టె చెక్కకు నీటిగీత పొడుగునా జిడ్డు పట్టింది, చేత్తో తుడిస్తే ఇంకొంచెం పైకి పాకింది. బయట ఎవరో దగ్గారు. అంతే, గబగబా తుడుచుకుని అంగీ చుట్టుకుని బయటపడ్డాను. గుమ్మంలో ఒక ముసలాయన తువ్వాలు భుజాన వేసుకుని ఎదురయ్యాడు. వంగి దణ్ణం పెట్టాడు. నేనూ వంగి, తల ఎత్తకుండానే గదికి పోయాను.

అప్పుడైనా ఆవిడ దగ్గరికి పోయి తప్పయింది అని ఉంటే సరిపోయేది. పొరపాటు ఎవరైనా చేస్తారు. నేను సీసాను బట్టల అడుగున దాచి, దుప్పటి కప్పుకుని పడుకున్నాను.

భోజనానికి ముందు అందరం గదిలో ఉండగా ఆవిడ వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని నుదురు చాపకు ఆనించి ఏదో చెప్పింది. గొంతులో కోపం లేదు. మేష్టారు మెల్లగా ఇంగ్లీషులో చెప్పాడు. ఈ రాత్రి మగవాళ్ళ స్నానం లేదట, నీళ్ళన్నీ తీసేసి తొట్టె రుద్దుతున్నారట, అసౌకర్యానికి క్షమించమంటోందట. ఆవిడ మమ్మల్ని క్షమించమంటోంది! ఇంకో గదిలో ఉన్న ముసలి దంపతులు ఈ స్నానం కోసమే బస్సులో వచ్చారట. చెప్పి, మేష్టారు ఇబ్బందిగా ఆగి, "ఆయిల్..." అన్నాడు. ఆయన కళ్ళు అన్న తల మీదికి పోయాయి. ఆవిడ కళ్ళూ పోయాయి. దీపం వెలుగులో అన్న జుట్టు నిగనిగలాడుతోంది.

నా నోటి నుంచి ఆ మాటలు ఎంత సులువుగా వచ్చాయో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు చచ్చిపోతుంది. అన్న వైపు చెయ్యి చూపించి ఇంగ్లీషులో అన్నాను: ఈయన చదువుకోలేదు, పల్లెటూరి మనిషి, రాసిపెట్టిన నియమాలు ఈయనకు అర్థం కావు, ఎంత చెప్పినా పాటించలేడు, నేను మళ్ళీ చెప్తాను. అని, అన్న వైపు తిరిగి తెలుగులో, "స్నానం బాగుందా అని అడుగుతున్నారన్నా. ఒకసారి వంగి దణ్ణం పెట్టు" అన్నాను.

అన్న నా మొహం వైపు చూశాడు. కాస్త ఎక్కువసేపే చూశాడు. తర్వాత వాళ్ళ వైపు తిరిగి, రెండు చేతులూ చాప మీద పెట్టి, ఆవిడ వంగినట్టే నుదురు ఆనేలా వంగాడు.

"మస్తుగుండెనని చెప్పు," అన్నాడు.

మేష్టారు కంగారుపడి అన్న భుజం పట్టి లేపాడు. పర్వాలేదు, పర్వాలేదు అన్నాడు. ఆ రాత్రి భోజనంలో అన్న నాతో మామూలుగానే మాట్లాడాడు. నేను మాత్రం ఏ గిన్నెలో ఏముందో చూడకుండా తిన్నాను.

బహ్రెయిన్ వచ్చిన నెలకు ఫ్యాక్టరీ నుంచి మా ఇద్దరి మీదా మేష్టారు రాసిన రిపోర్టు వచ్చింది. మేనేజరు నన్ను పిలిచి అన్న గురించి రాసింది చదివాడు. చేతిపనిలో ఇంత మంచి మనిషిని చాలా ఏళ్ళుగా చూడలేదట. కానీ రాసిన సూచనలను సొంతంగా పాటించే పని అప్పగించే ముందు ఆలోచించమని, పాటించలేడని ఆయన సహోద్యోగే తనతో అన్నాడని రాశాడు. నిజమేనా అని మేనేజరు అడిగాడు. "ఇంగ్లీషు చదవడం రాదు సార్" అన్నాను. అది నిజమే. అబద్ధం కాని మాట ఒకటి దొరికింది కదా అని దాని వెనక దాక్కున్నాను. గ్రేడు ఇంకో సైటులో పనిచేసే కుర్రాడికి వెళ్ళింది. అన్నకు ఆఫీసులో పిలిచి చెప్పారు. ఆయన "సరే సార్" అని వచ్చి, చేతులు కడుక్కుని, పంపు దగ్గర కూర్చున్నాడట. ఆ వారమే నేను సహవాసంలో ఆ కథ మొదటిసారి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలుసా? అందరూ నవ్వితే అది చిన్న సంగతి అయిపోతుందని.

రెండు నెలల తర్వాత సఖీర్‌లో విశ్వవిద్యాలయం పంపుల గదిలో మాకిద్దరికే డ్యూటీ పడింది. మధ్యాహ్నం గోడ నీడలో టిఫిన్ డబ్బాలు విప్పుకున్నాం. అన్న తన చపాతీల్లో సగం నా మూతలో పెట్టి, ఏదో పని సంగతి చెప్పినట్టు చెప్పాడు.

"ఆయిల్ అన్నది ఇన్న తమ్మీ. పద్దెనిమిదేండ్ల సంది పంపుల కాడ ఉన్న. నాకు ఇంగ్లీషుల పది మాటలొస్తే అండ్ల ఆయిల్ ఒకటి. నువ్వు నా దిక్కు చెయ్యి జూపెట్టినవ్. నీ పక్కబట్టలకేమో కర్పూరం వాసన."

చేతిలో ముద్ద మూతలో పెట్టేశాను. మరి ఎందుకు వంగావన్నా అని అడిగాను.

"నువ్వు గజగజ వణుకుతున్నవ్. దేశంగాని దేశం. ఒక్కసారి వంగితే నాదేం పోతది? ఈడికొచ్చినంక నువ్వే చెప్తవ్ తియ్యి అనుకున్న," అన్నాడు. నీళ్ళు తాగి సీసాకు మూత పెట్టాడు. "నువ్వు చెప్పలే."

తిట్టి ఉంటే బాగుండేది. నాలుగు తగిలించినా పడేవాణ్ణి. చెప్తానని నా మీద నమ్మకం పెట్టుకుని మూడు నెలలు ఒక మనిషి రోజూ వ్యానులో నా పక్కన కూర్చుని ఎదురుచూశాడు, నేనేమో ఆ మూడు నెలలూ ఈయనకు ఏమీ తెలియదులే అని ఊపిరి పీల్చుకున్నాను. నన్ను చూస్తే నాకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున్నే మేనేజరు దగ్గర నిలబడి మొత్తం చెప్పాను. ఆయన విసుక్కున్నాడు. నూనె నాకెందుకయ్యా, తొట్టె కడిగితే పోతుంది, పాటించలేడని చెప్పింది నువ్వేనా అన్నాడు. నేనే అన్నాను. ఎందుకు చెప్పావన్నాడు. భయపడి అన్నాను. ఫైలు ముందుకు లాక్కుని, ఇందులో ఈ మాట రాసిపెడతాను, కానీ ఆ గ్రేడు నిండిపోయింది, ఖలాస్, మళ్ళీ ఎప్పుడు ఖాళీ వస్తుందో చెప్పలేను అన్నాడు. జపాను మేష్టారికీ మెయిలు రాశాను. రెండు ముక్కల జవాబు వచ్చింది. నిజం చెప్పినందుకు సంతోషమట. నూనె సంగతి తానే ముందుగా అడిగి తెలుసుకోనందుకు సత్రం ఆవిడ తనను క్షమించమందట. అది చదివి ఫోను బోర్లా పెట్టాను.

ఆ శుక్రవారం ఆరాధనకు పోలేదు, అన్న ఉండే క్యాంపుకు పోయాను. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. అన్న మంచం మీద కూర్చుని భార్యతో ఫోనులో మాట్లాడుతున్నాడు. నన్ను చూసి స్పీకరు పెట్టాడు. ఆఫీసు కాగితాల వల్ల ఆగిందని ఆయన ఎంత చెప్పినా ఆవిడ నమ్మడం లేదట. "నాకు ఇష్టంలేక ఆపిన అనుకుంటున్నది. జెర నువ్వు చెప్పు తమ్మీ, నువ్వు చెప్తే ఇంటది" అని ఫోను నా చేతిలో పెట్టాడు.

నేను ఎవరినో చెప్పగానే ఆవిడ గొంతు మారిపోయింది. జపానుల మా ఆయనను మంచిగ జూసుకున్నవట గదా తమ్మీ, ఆయనకు భాష రాకపాయె, నువ్వున్నవ్ గాబట్టి సరిపాయె అంది. ఇంకొక్క మాట వినే శక్తి నాకు లేకపోయింది. "అక్కా, తప్పు నాది" అన్నాను. నూనె నేను రాసుకున్నది, అన్న మీదికి నెట్టింది, ఆ మాట కాగితంలోకి ఎక్కి గ్రేడు పోయింది, వీసా పోయింది, అన్నీ చెప్పాను. అన్న వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. నేను ఆపలేదు.

ఆవిడ కోపంగా కాదు, లెక్క తప్పిన మనిషిలా మెల్లగా మాట్లాడింది.

"మరి నేను బీడీల కార్డు వాపసిచ్చిన గదా తమ్మీ. దుబాయి వోతున్న గదా అని మీరు జపానుల ఉన్నప్పుడే కార్ఖాన్ల ఇచ్చేసిన. ఆయనకు సెప్పలే, గింత జల్ది ఎందుకిచ్చినవని తిడ్తడని. ఇగ మల్ల అడిగితె ఇయ్యరు."

ఆ పక్క ఊళ్ళలో గల్ఫు ఏదైనా దుబాయే. అక్కడి ఆడవాళ్ళకు బీడీల కార్డు అంటే ఏమిటో నాకు అప్పటికి సరిగా తెలియదు. పన్నెండేళ్ళప్పటి నుంచి ఆకు కత్తిరించి బీడీలు చుట్టిన మనిషికి అదే ఉద్యోగం, అదే ముసలితనంలో పింఛను. కొత్తవాళ్ళకు ఇప్పుడు దొరకదు. నాకు తెలియకపోయినా, అన్న మొహం చూస్తే తెలిసింది. ఆయన లేచి నా చేతిలోంచి ఫోను తీసుకుని, స్పీకరు ఆపి, మెట్ల మీదికి వెళ్ళిపోయాడు. నేను ఆయన మంచం మీద కూర్చుని ఎదురుచూశాను. ఎంతకీ రాలేదు. చివరికి లేచి వచ్చేశాను.

శనివారం డ్యూటీలో ఇద్దరం ఒక పంపు మూత విప్పుతున్నాం. అన్న నట్లు విప్పే పానా నా చేతికి అందించి, "గిటు పట్టుండ్రి సార్," అన్నాడు. సార్ ఏమిటన్నా అన్నాను. "డ్యూటీల సారే అనాలె గద," అని నట్టు వైపు వంగాడు.

ఏడు నెలలైంది. ఇప్పటికీ తప్పు నట్టు విప్పితే పక్కకు పిలిచే చెప్తాడు. నన్ను మాత్రం సార్ అంటాడు. కోపంగా అనడు. మిగిలిన ఇంజనీర్లను ఎలా అంటాడో అలాగే అంటాడు.